క్రెయాన్‌కు కోటు తొడిగితే చాలదు

ప్రాచీన గ్రీకు విషాద నాటకాల పాత్రలను ఆధునికం చేయడం పేరిట ఒక సులువైన విద్య ప్రబలింది. రాజుకు కోటు తొడుగుతారు. దూత చేతికి టెలిఫోను ఇస్తారు. అంతటితో ఆధునికత సిద్ధించిందంటారు! అది వేషం మార్చడమే తప్ప ఆధునికత కాదని నా వాదం. పాత్రను కొత్త కాలానికి తేవడమంటే, ఆ పాత్ర ఏ శక్తితో తలపడిందో ఆ శక్తిని కొత్త కాలంలో పోల్చుకోవడం.

క్రీ. పూ. 441 ప్రాంతపు సోఫోక్లిస్ ‘ఆంటిగొనీ’నే తీసుకుందాం. పాలినైసిస్ శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదలమని క్రెయాన్ శాసించాడు. చెల్లెలు ఆంటిగొనీ దానిమీద మట్టి చల్లింది. ఇద్దరి పక్షానా న్యాయముందని హెగెల్ చెప్పిన మాటనే మనం నేటికీ తరగతుల్లో వల్లిస్తున్నాం. కాని నగరమంతా ఆ పిల్లకోసం లోలోపల ఏడుస్తున్నదని కన్నకొడుకు హీమాన్ క్రెయాన్ ముఖంమీదనే చెబుతాడు గదా! భయంచేత నోరెత్తలేని ప్రజలు ఆ నాటకంలో ఉన్నారు. వారిని లెక్కలోకి తీసుకుంటే త్రాసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

1944 ఫిబ్రవరిలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న పారిస్‌లో ఝాన్ అనూయ్ తన ‘ఆంటిగొనీ’ని ప్రదర్శింపజేశాడు. ఆయన క్రెయాన్ పాలనాభారంతో అలసిన పెద్దమనిషి. అన్నదమ్ములిద్దరూ దుర్మార్గులేననీ, నుజ్జయిన శవాల్లో ఏది ఎవరిదో తనకే తెలియదనీ, కాస్త మెరుగ్గా ఉన్నదానికి రాజలాంఛనాలు జరిపించాననీ అంటాడు. థీబ్స్ పెద్దల కోరసు ఒక్క వ్యాఖ్యాతగా మిగిలింది. చివరికి ఆంటిగొనీయే తానెందుకు చస్తున్నదో తెలియదంటుంది. ఆమె ‘కాదు’ అన్న మాటలో ప్రతిఘటనను విన్న ప్రేక్షకులున్నారు, నిజమే. ఆ కీర్తి ప్రేక్షకులకే దక్కాలి. ఎందుకో తెలియని తిరుగుబాటును చూసి ఏ పాలకుడు బెదురుతాడు? జర్మన్ సెన్సారు ఆ నాటకాన్ని అనుమతించడంలో వింతేముంది?

బ్రెహ్ట్ 1948లో, స్విట్జర్లండులోని కూర్ పట్టణంలో, ఇదే కథను మరో విధంగా నడిపాడు. సైన్యం విడిచివచ్చిన సోదరుణ్ణి ఉరితీసిన 1945 నాటి బెర్లిన్‌లో నాటకం మొదలవుతుంది. ఇక్కడ క్రెయాన్ యుద్ధం చేసేది ఆర్గోస్ లోహపు గనులకోసం. శాసనం వెనుక ఎవరి లాభముందో మనకు కనిపిస్తుంది. క్రెయాన్ శోకానికి సోఫోక్లిస్‌లో ఉన్న లోతు ఇక్కడ తగ్గిందంటే ఒప్పుకుంటాను. దానికి బదులుగా దొరికిన సత్యం తక్కువది కాదు.

కళ నశించకుండా ఇది సాధ్యమా అనేవారికి ‘ది ఐలండ్’ సమాధానం. ఫ్యుగార్డ్, జాన్ కాని, విన్‌స్టన్ ఎన్‌చోనా కలిసి రూపొందించిన ఈ నాటకాన్ని 1973లో కేప్‌టౌన్‌లో ప్రదర్శించారు. జాత్యహంకార ప్రభుత్వపు జైల్లో ఇద్దరు ఖైదీలు ఆంటిగొనీ విచారణను ఆడబోతారు. నల్లవారి మెడకు గుదిబండగా కట్టిన పాసుపుస్తకాన్ని తగలబెట్టి వచ్చినవాడు విన్‌స్టన్. ఆడవేషానికి తోటివారు నవ్వుతారని మొరాయిస్తాడు. ఆంటిగొనీ కట్టుకథ, నా బ్రతుకు నిజమంటాడు. చివరికి ఆ వేషమే కట్టి, తీర్పు విన్నాక విగ్గు లాగిపారేసి తన గొంతుతోనే మాట్లాడతాడు. అక్కడ పాత్రకూ మనిషికీ మధ్య రెండువేల నాలుగువందల యేళ్ళ దూరం చెరిగిపోయింది. అందుకు కోటూ టెలిఫోనూ అక్కర్లేకపోయాయి.

కనుక ఇట్టి నాటకాలు రాయబూనే యువ రచయితలు ముందుగా మూడు సంగతులు తేల్చుకోవాలి. ఆ శవం ఎవరిది? ఆ శాసనం ఎవరి మేలుకోసం? నగరం ఎందుకు మౌనంగా ఉంది? దుస్తుల సంగతి తరవాత చూసుకోవచ్చు.