సూది గుచ్చేవారిని అడగవలసిన ప్రశ్నలు

"అర్హత ఉన్న మంచి ఆక్యుపంక్చర్ వైద్యుడెవరైనా ఉంటే చెప్పండి" అని తెలిసినవారు అడుగుతుంటారు. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. అతనికి సూది గుచ్చడం వచ్చా అన్నది ఒకటి. గుచ్చితే రోగం తగ్గుతుందా అన్నది రెండోది. నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు చూసినవాణ్ణి. వోచరు సక్రమంగా ఉండడం వేరు, సరుకు గోదాముకు చేరడం వేరు. గోడకు వేలాడే సర్టిఫికెట్ వోచరు మాత్రమే.

సరుకు సంగతి చూద్దాం. "చీ" అనే ప్రాణశక్తి మెరిడియన్లనే దారుల్లో ప్రవహిస్తుందనీ, దానికి అడ్డు తగిలితే రోగం వస్తుందనీ ఆ సిద్ధాంతం. అలాంటి దారులున్నట్టు ఇంతవరకు రుజువు కాలేదు.

జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఒక గుంపుకు సంప్రదాయం చెప్పిన బిందువుల్లో సూదులు గుచ్చారు. రెండో గుంపుకు బిందువులు కానిచోట పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలలకు మేలు కనిపించినవారు వరసగా 47.6, 44.2, 27.4 శాతం. ఆక్యుపంక్చర్ సమర్థకులు మొదటి అంకెనూ మూడో అంకెనూ చూపుతారు. రెండోదాన్ని కూడా చూడమంటాను నేను. ఎక్కడ గుచ్చినా దాదాపు అదే ఫలితం వస్తే బిందువులు, మెరిడియన్లు లెక్కలోంచి కొట్టివేయవలసినవే. మిగిలేవి నమ్మకం, శ్రద్ధగా పలకరించే మనిషి, అరగంట విశ్రాంతి, కాస్త సూదిపోటు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దీన్ని చికిత్సా పద్ధతిగా గుర్తించింది కదా అంటారు. నిజమే. పశ్చిమ బెంగాల్‌లో 1996 నాటి చట్టం, మహారాష్ట్రలో 2015 నాటి చట్టం కూడా ఉన్నాయి. ఇవన్నీ ఎవరు గుచ్చవచ్చో చెబుతాయి. గుచ్చితే ఏమవుతుందో తేల్చవలసింది ప్రయోగాలే.

ఇక మా ఇంటి సంగతి. మోకాళ్ళ నొప్పికి మా ఆవిడ పది సిట్టింగులు వెళ్ళింది. కొంత తగ్గిందంది. నేను కాదనలేదు, నొప్పి ఆమెది. పదకొండోసారి ఆయన "ఇక బి.పి. మాత్రలు మానెయ్యండి" అన్నాడట. మానేసింది. మూడు వారాల తర్వాత విపరీతమైన తలనొప్పితో ఆస్పత్రికి తీసుకెళ్తే బి.పి. 190 బై 110 ఉంది. సకాలంలో వెళ్ళాం కాబట్టి గండం గడిచింది. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "చెబితే వాదిస్తారుగా" అంది. ఆయన సూదులకన్నా ఆ మాట నాకు లోతుగా గుచ్చుకుంది.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే ఎగతాళి చెయ్యను. వెళ్ళేవారికి నాలుగు ప్రశ్నలు చెబుతాను. ఒకసారి వాడి పారేసే సూదుల ప్యాకెట్ నా ఎదుటే విప్పుతారా? వాడిన సూదివల్ల హెపటైటిస్-బి రావచ్చు. ఛాతీమీద గుచ్చడంలో మీకు శిక్షణ ఉందా? లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడవచ్చు. ఎన్ని సిట్టింగులకు గుణం కనబడకపోతే ఆపేస్తారు? డాక్టరు రాసిన మాత్రలు మానమంటారా?

చివరి ప్రశ్నకు "అవును" అన్నవాడి గోడమీద ఎన్ని సర్టిఫికెట్లున్నా సరే, చెప్పులు వేసుకుని బయటికి వచ్చెయ్యండి. వచ్చాక ఇంట్లోవాళ్ళకు చెప్పండి. చెప్పగలిగే ఇల్లుగా మన ఇంటిని ఉంచుకోవడం మాత్రం హేతువాదులమైన మన బాధ్యత.