షటిల్ బ్యాట్‌కు నులక మంచం పాఠం

ఆదివారం పొద్దున్నే పోటీ. శనివారం సాయంత్రం గట్టిగా ఓ స్మాష్ కొట్టగానే ‘టప్’మని గట్ తెగింది! మాచర్లలోనో గురజాలలోనో షటిల్ ఆడే పిల్లలున్న ఇంట్లో ఇలా జరిగితే నాన్నకు పరుగే పరుగు. గట్టింగ్ చేసేవాళ్లు ఊళ్లో ఉంటే సరి. లేదంటే నరసరావుపేటకో, గుంటూరుకో బస్సెక్కాలి.

గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2021లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చాడు. అలాంటివాళ్లను చూసి రాకెట్ పట్టిన పిల్లలు ఎందరో! ఆడేవాళ్లుంటే గట్స్ తెగుతాయి. తెగితే వేసేవాళ్లు కావాలి. అందుకే ‘మనమే ఓ మిషన్ కొనుక్కుని గట్టింగ్ నేర్చుకుంటే పోలా?’ అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మిషన్ గురించి వాకబు చేస్తుంటే ఇంకో సరుకూ కంటబడుతుంది. అదే అల్లే పనిముట్టు. ‘ఇది ఉంటే సగం సమయంలో పని పూర్తి’ అంటారు అమ్మేవాళ్లు. నిజమేనా?

ముందు పని ఎంతో చూద్దాం. షటిల్ రాకెట్‌కు కావలసింది దాదాపు 10 మీటర్ల గట్. మందం మిల్లీమీటరులో ముప్పాతిక కూడా ఉండదు. సాధారణంగా 22 నిలువు వరుసలు, 20కి పైగా అడ్డ వరుసలు. ప్రతి అడ్డ వరుసా ఒక నిలువు గట్ పైనుంచి, మరోదాని కిందనుంచి పోవాలి. అంటే ఒక్క రాకెట్‌లో నాలుగు వందలు దాటిన అల్లికలన్నమాట! 16 నిలువు, 19 అడ్డ వరుసలుండే టెన్నిస్ రాకెట్‌లో ఈ లెక్క 304.

నులక మంచం అల్లడం చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదనిపిస్తుంది. కానీ ఓ పెద్ద తేడా ఉంది. మంచానికి నులకను కొంచెం వదులుగానే అల్లుతారు. చివర్లో కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తారు. రాకెట్‌కు అలా కుదరదు. నిలువు గట్స్‌ను 20, 25 పౌండ్ల బిగువుతో ముందే లాగేస్తారు. వీణ తీగల్లా బిగిసి ఉన్న వాటి మధ్య నుంచి అడ్డ గట్‌ను దూర్చాలి. కొత్తవాళ్ల వేళ్లు కందిపోయేది అక్కడే!

మగ్గం మీద ఈ బాధ లేదు. కాలి కింది కర్ర తొక్కితే పడుగు పోగుల్లో సగం పైకి, సగం కిందికి విడిపోతాయి. మధ్యలోంచి నాడె సర్రున దూసుకుపోతుంది. రెండో కర్ర తొక్కితే పైవి కిందికి, కిందవి పైకి. అల్లే పనిముట్టు చేయాలనుకునేదీ ఇదే. సన్నటి పట్టీలాంటి దాన్ని నిలువు గట్స్ మధ్య దూర్చి తిప్పితే, ఒకటి విడిచి ఒకటి పైకి లేస్తాయి. గట్‌ను నేరుగా తోసేయొచ్చు.

వినడానికి బాగుంది. అయితే పట్టీ పెట్టడానికీ, తిప్పడానికీ, తీయడానికీ సమయం పడుతుంది కదా! ఉదాహరణకు, చేత్తో ఒక వరుస అల్లడానికి అర నిమిషం పట్టే మనిషికి పనిముట్టు పది సెకన్లు మిగిల్చిందనుకుందాం. దాన్ని సర్దడానికి ఆ పది సెకన్లూ పోతే లాభమేంటి? పైగా ఫ్రేమ్ అంచుకు దగ్గరైన కొద్దీ చోటు ఇరుకై, చివరి వరుసలు ఎటూ చేత్తోనే అల్లాలి. అసలు అల్లిక మొత్తం పనిలో ఒక భాగమే. రాకెట్ బిగించడం, ఒక్కో వరుసా లాగడం, ముడులు వేయడం... వీటిని ఏ పట్టీ తగ్గించలేదు.

మరి చేయి తిరిగినవాళ్లు అరగంటలో ఎలా ముగిస్తారు? వాళ్లది చిన్న కిటుకు. అల్లిన వరుసను వెంటనే లాగరు. దాన్ని వదులుగా ఉంచి తర్వాతి వరుసను అల్లేస్తారు. ఆ తర్వాతే ముందుదాన్ని బిగిస్తారు. ఇందులో మర్మం ఏంటంటే... ఒకటో వరుస, మూడో వరుస వెళ్లే దారి ఒకటే. రెండోది వదులుగా ఉన్నంతసేపూ నిలువు గట్స్ ఒకటో వరుస ఎత్తిన తీరులోనే ఉంటాయి. మూడోదానికి దారి తెరిచే ఉంటుంది. అంటే రాకెట్‌లోనే ఓ పనిముట్టు దాగుందన్నమాట, పైసా ఖర్చు లేకుండా! దీనికి తోడు గట్ కొసను ఏటవాలుగా కత్తిరిస్తే ఇరుకులోనూ ఇట్టే దూరుతుంది.

తొందర కూడా మంచిది కాదు. అడ్డ గట్‌ను ఒక్క ఊపున లాగితే నిలువు గట్‌ను రంపంలా కోస్తుంది. అలాగని నిలువు వరుసలు బిగించి, అడ్డం వేయకుండా రేపటికి వాయిదా వేయకూడదు. బిగువంతా ఒకవైపే పడి ఫ్రేమ్ వంకర పోయే ప్రమాదముంది. గట్ ఖరీదు మాట దేవుడెరుగు, రాకెట్టే పోతుంది!

అయితే పనిముట్లన్నీ దండగేనా? కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ తెలిసిందే. చీరకు ఆసు పోయాలంటే వాళ్లమ్మ లక్ష్మి దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. ఆ భుజం నొప్పి చూడలేక 1999లో ఆయన ఆసు యంత్రం చేశాడు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఆయన్ను వరించింది. అక్కడ పనంతా చేతి కదలికే. యంత్రం దాన్నే తీసేసింది కాబట్టి అంత వేగం. రాకెట్ దగ్గర ఆ వెసులుబాటు లేదు.

కానీ మల్లేశం మొదలుపెట్టింది వేగం కోసం కాదు, అమ్మ నొప్పి కోసం. అల్లే పనిముట్టునూ అలాగే చూడాలి. వేళ్లు నొప్పెట్టే పెద్దవాళ్లకు, దారి తప్పి రెండు వరుసలు విప్పుకునే కొత్తవాళ్లకు అది మంచి తోడు. గడియారంతో పోటీ కోసమైతే మాత్రం డబ్బు దాచుకుని, పాత రాకెట్ మీద పది సార్లు అల్లి చూడటం మేలు. పదకొండోసారికి వేళ్లే దారి వెతుక్కుంటాయి!