బతుకమ్మకు మార్కులు వేసేదెవరు?

బతుకమ్మకు మొదటి బహుమతి పెట్టాలన్న ఆలోచన ఎవరికి తట్టిందో గానీ, వాళ్లను ఒక్క మాట అడగాలి. పొద్దుగూకినంక చెరువుల వదిలేసే పూలకు నంబర్లెందుకు?

సిబ్బిలో గుమ్మడాకులు పరిచి తంగేడు, గునుగు, బంతి వరుసలు పేరుస్తరు. నడుమ కాడలు, ఆకుతుంపులు కూరుతరు. ఇదేం రహస్యం కాదు. ఓ పక్కకు ఒరిగితే పెద్దమ్మ వచ్చి అరచేత్తో తట్టి సర్దుతది, అయిపాయె. గునుగు అంటారా, అది చేన్లలో అడగకుండా మొలిచే కలుపు.

ఇప్పుడు మా హన్మకొండ కాలనీల్లో ఎత్తు కొలిచే టేపు వచ్చింది. జడ్జీల కుర్చీలొచ్చినయ్. అందరికీ ఒకే రంగు చీరలు, వారం ముందునుంచే స్టెప్పుల ప్రాక్టీసు. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేలకు పైగా ఆడవాళ్లు ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. రికార్డుకు లెక్క కావాలె, సరే. మా గల్లీకెందుకు? రీల్‌లో అడుగు తప్పుపడుతదని భయపడి, పాట సగమే వచ్చిన కొత్త కోడలు గోడ పక్కన నిలబడుతున్నది. పాట రానివాళ్ల కోసమే కదా, ఒకరు చెబితే పదిమంది అందుకునే పద్ధతి!

అందంగా పేర్చడం తప్పా అని మీదికొస్తారు కొందరు. ఇష్టంతో పూటంతా కూర్చుని పేర్చే తల్లికి దండం పెడతా. నా కోపం ఆమె పక్కన కూర్చున్నామెను చిన్నబుచ్చే మార్కుల కాగితం మీద.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆనాడు పూలు పేర్చరు, ఆట ఆడరు, నైవేద్యం పెట్టరు. తొమ్మిది రోజుల పండుగ నడుమ ఒక రోజు ఏమీ చేయకుండా ఊరుకోవచ్చని ఒప్పుకున్న అమ్మమ్మల తెలివి చూడండి! ఈవెంట్ మేనేజర్ చేతికిస్తే ఆనాడూ ఏదో ప్రోగ్రాం పెట్టేవాడు.

పుస్తకాల తెలుగే అసలు తెలుగన్నవాళ్లతో కొట్లాడిన కాళోజీ బతికిన ఊరిది. ఆయన పుట్టినరోజు, సెప్టెంబర్ 9న, భాషా దినోత్సవం చేసుకుంటం. మన మాటకు వంకలు పెడితే ఊరుకోం అని ఆనాడు మైకుల్లో అరిచి, నెల తిరిగేసరికి ఆడపిల్ల అడుగుకు వంకలు పెడతమా?

కమిటీ పెద్దలారా, వచ్చే సద్దుల బతుకమ్మకు జడ్జీల కుర్చీలు మోకాళ్ల నొప్పుల ముసలమ్మలకు వేయండి. బహుమతి పైసలతో అందరికీ మలీద చేయించండి. ఆ టేపు మాత్రం టైలర్‌కు వాపసు ఇచ్చేయండి, పాపం, దసరా ముందు ఆయనకు గిరాకీ ఎక్కువ.