ఈసారి గోల్కొండ కాదు, చాందా పోదాం

చలికాలం వచ్చిందంటే టూర్ల ముచ్చట మొదలైతది. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో, యువజన సంఘాల్లో ఒకటే చర్చ. ఒక్కరోజులో పోయొచ్చేటట్టు ఏ కోట చూద్దాం? చర్చ అని పేరే గానీ, జవాబు ముందే రాసిపెట్టి ఉంటది: గోల్కొండ. ఆసిఫాబాద్ నుంచి, ఉట్నూరు నుంచి రాత్రి బస్సెక్కాలె, పగలంతా తిరగాలె, మళ్లీ రాత్రి బస్సులోనే నిద్ర. దాన్నే ఒక్కరోజు టూర్ అంటున్నం.

నేనూ అట్లనే తీసుకపోయిన. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినబడుతుందని గైడ్ చెప్తుంటే పిల్లలు ఎగిరెగిరి చప్పట్లు కొట్టిండ్రు. దిగేటప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకామె గోండిలో అడిగింది: "సార్, మనోళ్లకు కోటలు లేవా?" నేను మస్తు గొప్పగా జవాబు చెప్పిన అనుకున్న. "మనకు అడవే కోట బిడ్డా" అన్న. పక్కనున్న సార్లు కూడా మెచ్చుకున్నరు.

ఇప్పుడు చెప్తున్న, అది తప్పు జవాబు. వినడానికి అందంగ ఉన్న అబద్ధం. ఆ పిల్ల అడిగింది చరిత్ర, నేను చెప్పింది కవిత్వం. అడవి తప్ప మనకు ఇంకేదీ లేకుండె అని చెప్పేటోళ్ల మాటనే, నేను పూలు పెట్టి ఆమె చేతికిచ్చిన.

నిజం ఏంది? మన జిల్లా సరిహద్దు దాటితే చంద్రపూర్. మన పెద్దోళ్లు చాందా అంటరు. గోండు రాజుల రాజధాని అది. ఊరి చుట్టూ దాదాపు 11 కిలోమీటర్ల రాతి గోడ. జట్‌పురా, పఠాన్‌పురా, బింబా, అచలేశ్వర్ అని నాలుగు పెద్ద దర్వాజాలు. తల ఎత్తి చూస్తే ఏనుగు మీద ఎక్కిన సింహం బొమ్మ కనబడుతది. అది గోండు రాజుల గుర్తు. ఆ దర్వాజాల కిందినుంచే ఇయ్యాల స్కూటర్లు, ఆటోలు పోతుంటయి.

కోట ఎట్ల పుట్టిందో కథ కూడా ఉంది. ఖాండ్క్యా బల్లాల్ షా అనే రాజుకు ఒళ్లంతా పుండ్లు. ఝర్పట్ వాగులో చిన్న గుంట నీళ్లు తాకితే మానిపోయినయి. తర్వాత ఒకరోజు ఒక కుందేలు ఆయన వేటకుక్కనే తరుముకుంట పోయింది. రాజు ఇంటికొచ్చి చెప్తే, ఆ కుందేలు తిరిగిన దారి వెంబడే గోడ కట్టమని రాణి సలహా ఇచ్చిందట. కథను కథగానే చెప్పండి పిల్లలకు. గోడ మాత్రం కథ కాదు, చేత్తో తాకొచ్చు.

చాందా ఒక్కటే కాదు. నాగపూర్ పట్టణానికి పునాది వేసింది దేవ్‌గఢ్ గోండు రాజు భక్త్ బులంద్ షా. 1564లో మొఘల్ సైన్యానికి ఎదురు నిలిచి ప్రాణం ఇచ్చిన రాణి దుర్గావతి గఢా-మండ్లా గోండు రాజ్యాన్ని ఏలిన మనిషి. మన పాఠాల్లో కాకతీయులు, కుతుబ్‌షాహీలు పేజీలకు పేజీలు ఉంటరు. వీళ్లు ఏ మూల ఉన్నరో మీరే వెతకండి.

"అన్నా, రాజుల గొప్పలు మనకెందుకు? మనది కొమురం భీం బాట గదా" అని కొందరు తమ్ముళ్లు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. రాజు ఏ కులపోడైనా, ఏ తెగవాడైనా గోడకు రాళ్లు మోసింది మామూలు జనమే. చాందా పోయి రాజులకు దండం పెట్టుమని నేను చెప్తలేను. ఆ కోట ఎట్ల పోయిందో చూడుమంటున్న. ఆఖరి రాజు నీలకంఠ షా 1751లో నాగపూర్ భోంస్లేలకు రాజ్యం పోగొట్టుకున్నడు. చాందాకు పక్కనే ఉన్న బల్లార్‌పూర్ కోటలోనే ఖైదీగా చచ్చిపోయిండు. తన వంశపు కోటే తనకు జైలు. 1818లో ఇంగ్లీషోళ్లు చాందాను ముట్టడించి పట్టుకున్నరు. 1858లో వాళ్ల మీద తిరగబడ్డ గోండు జమీందారు బాబూరావు షెడ్మాకేను అదే ఊరి జైల్లో ఉరి తీసిండ్రు. ఇయ్యాల ఊరి చుట్టూ బొగ్గు గనులు, పెద్ద థర్మల్ కరెంటు కేంద్రం. రాజ్యం పోవుడు, భూమి పోవుడు, భూమి కింది బొగ్గు పోవుడు, అన్నీ ఒక్క చోట నిలబడి చూడొచ్చు. ఇంతకన్న మంచి పాఠం ఏ బడిలో ఉంది?

ఇది చూసినంక జోడెఘాట్ పోతే భీం కూడా ఇంకో తీరుగ అర్థమైతడు. 1940లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన ఆ మనిషి లేని రాజ్యం ఏదో కొత్తగ అడుగలేదు. పోయినదాన్ని అడిగిండు.

ఇంకో మాట వినబడుతది: "చంద్రపూర్ మహారాష్ట్ర గదా, వేరే రాష్ట్రం." ఎవరికి వేరే? 1956 దాకా రాజురా తాలూకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండె. కెరమెరి దిక్కు కొన్ని ఊళ్లకు ఇప్పటికీ రెండు రాష్ట్రాల ఓట్లున్నయి. మన చుట్టాలు, మన దేవతలు, మన భాష ఆ గీతకు రెండు దిక్కులా ఉన్నయి. గీత గీసినోళ్లు మనల్ని అడిగి గీయలేదు.

ఇక పనికొచ్చే మాటలు. కాగజ్‌నగర్ నుంచి బల్లార్షాకు రైలుంది. అక్కడినుంచి చంద్రపూర్ దగ్గరే. పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావొచ్చు. ఎండాకాలం మాత్రం వద్దు, ఆ ఊరి ఎండ మామూలుది కాదు. ఒక పర్ధాన్ పెద్దాయనను కిక్రీతో సహా తప్పకుండ తీసుకపోండి. బోర్డుల మీద రాయని చరిత్ర ఆయన నోట్లె ఉంటది. ప్లాస్టిక్ పారేయకండి. గోడ మీద పిచ్చిమొక్కలు పెరిగి చెత్తతో నిండిపోతే, 2017లో ఆ ఊరి యువకులే పారలు, చీపుర్లు పట్టుకొని నెలల తరబడి శుభ్రం చేసిండ్రు.

అంత దూరం పైసలు లేవంటరా? ఉట్నూరుకే పోండి. ఐటీడీఏ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగినం? సంతకం కోసం ఎన్ని పగళ్లు చెట్ల కింద కూసున్నం? అదే ఊర్లె గోండు రాజుల కోట ఉంది. అక్కడిదాకా పోయి చూసినోళ్లు మనలో ఎంతమంది?

గోల్కొండ చూడొద్దని కాదు. అది కూడా చూడాల్సిందే. కానీ ముందు ఏది, తర్వాత ఏది అన్నది చిన్న విషయం కాదు. మొదటి కోటగా పరాయి కోట చూసిన పిల్ల "మనోళ్లకు లేవా?" అని అడుగుతది. మొదట చాందా చూసిన పిల్ల "మనది ఎట్ల పోయింది?" అని అడుగుతది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పుడు మనకు కష్టం, కొందరికి ఇబ్బంది కూడా. అందుకే ఆ ప్రశ్నే మన పిల్లలకు కావాలె.

మీ బడిలో, మీ సంఘంలో టూర్ మీటింగ్ పెట్టిన రోజు లేచి నిలబడి చాందా పేరు చెప్పండి. నవ్వితే నవ్వనియ్యండి. నన్ను అడిగిన ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతుంది. ఈ జనవరిల ఆమెను కూడా తీసుకపోతున్న. అప్పుడు చెప్పిన జవాబు తప్పని జట్‌పురా దర్వాజా కింద నిలబడి ఆమెకు చెప్పేది ఉంది.

జై సేవా.