ఇది నీ పనేనా?

మహానందిలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కళాశాల ఉంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఏ విద్యార్థికైనా వ్యాసం రాసిపెట్టే కృత్రిమ మేధ ఫోనులోనే దొరుకుతోంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే చర్య ఉంటుంది. యంత్రం కొత్తగా అల్లిన వాక్యం ఆ వలకు సులువుగా చిక్కదు. ఇక కాపలా మనస్సాక్షిదే.

నంద్యాల పరిశోధనా స్థానం యంత్రంతో కోయదగిన ఎన్‌బీఈజీ 47 శనగ రకాన్ని ఇచ్చింది. అలాంటి ఫలం పొలంలో నిలబడి మొక్కను చూసి, కొలిచినవారికే దక్కుతుంది. రైతు అప్పుచేసి విత్తుతాడు. చూడని పొలానికి రాసిన లెక్క అతని ఇంటినే ముంచుతుంది.

దానియేలు బబులోను విద్య నేర్చాడు, నమ్మకత్వాన్ని విడువలేదు. యంత్రాన్ని వాడవద్దని మేము అనము. వాడినచోట వాడానని ఒప్పుకోమంటున్నాము. తల్లిదండ్రులారా, మార్కులెన్ని అని అడిగేముందు, ఇది నీ పనేనా అని బిడ్డలను ప్రేమతో అడగండి.