బహుమతి ఎవరికొచ్చిందో తెలుసు, దేనికొచ్చింది?

2023 లాంటి సంవత్సరం తెలుగువాళ్లకు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది. ఏప్రిల్‌లో కల్యంపూడి రాధాకృష్ణారావుకు, అదే మనం సి.ఆర్. రావు అనే పెద్దాయనకు, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర పురస్కారం ప్రకటించారు. నోబెల్ బహుమతుల్లో గణితానికీ సంఖ్యాశాస్త్రానికీ చోటు లేదు. అందుకే ఆ రంగంలో ఉన్నవాళ్లు రెండేళ్లకోసారి ఇచ్చే ఈ పురస్కారాన్నే తమ నోబెల్‌గా చూసుకుంటారు. కళలో ఒకటి, శాస్త్రంలో ఒకటి, రెండూ నెల అటూ ఇటుగా మనవాళ్లకే వచ్చాయి.

కేసముద్రం దగ్గర ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పుకునే నాకు రెండూ పండగే. ఆస్కార్ వచ్చిన ఆ సోమవారం పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే పిల్లలు గ్రౌండ్‌లో జంటలు జంటలుగా నిలబడి ఆ స్టెప్పు వేస్తున్నారు. మా పీఈటీ సార్ ఆపలేదు, నేనూ ఆపలేదు. పాట రాసిన చంద్రబోస్‌ది చల్లగరిగ, చిట్యాల మండలం. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా, మాది మహబూబాబాద్ జిల్లా అంటున్నాం గానీ 2016 దాకా అందరిదీ వరంగల్ జిల్లానే. హనుమకొండ, పరకాల మీదుగా పోతే వచ్చే పల్లె అది. ఒక బడిపంతులు కొడుకు ఆ ఊళ్లోంచి వెళ్లి లాస్ ఏంజెలెస్ వేదిక మీద నిలబడి నమస్తే అన్నాడంటే మా పిల్లలు ఎగరకుండా ఎట్లా ఉంటారు?

నా బాధ వేరే. ఆ సంబరంలో మనం అడిగిన ప్రశ్నలన్నీ ‘ఎవరు’ చుట్టూనే తిరిగాయి. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏ జిల్లా, ఎవరి మనిషి. ఫ్లెక్సీలు కట్టాం, శాలువాలు కప్పాం. ఆ బహుమతి ఏ పనికి వచ్చింది, ఆ పని ఎట్లా జరిగింది అన్న మాట దగ్గరికి వచ్చేసరికి మన ఓపిక అయిపోయింది.

ఆ పాట సంగతే తీసుకోండి. తొంభై శాతం సగం రోజులోనే రాసేశాననీ, మిగిలిన పది శాతానికి పందొమ్మిది నెలలు పట్టిందనీ చంద్రబోస్ స్వయంగా చెప్పారు. బడిలో పిల్లలకు రోజూ చెప్పదగ్గ సంగతి ఇది. లెక్క సగం రాగానే ‘అయిపోయింది మేడం’ అని నోటుబుక్కు మూసే పిల్లలు నా తరగతిలో చాలామంది ఉన్నారు. ఆ మిగిలిన పది శాతం కోసం ఒక మనిషి ఏడాదిన్నర దాటినా పాటను వదల్లేదని తెలిస్తే వాళ్లు ఆ పాటను ఇంకోలా వింటారు. పొలం గట్లు, అమ్మవారి జాతర, మర్రిచెట్టు కింద చేరే కుర్రాళ్లు, అందులో ఉన్న పోలికలన్నీ మనూళ్లవే. చిత్రీకరణ మాత్రం ఉక్రెయిన్‌లో, కీవ్‌లోని ఒక రాజప్రాసాదం ముందు జరిగింది. చల్లగరిగలో కళ్లతో చూసినవి అక్కడిదాకా వెళ్లాయన్న సంగతి ఒక్కటే ఒక పీరియడ్ పాఠానికి సరిపోతుంది.

సి.ఆర్. రావు గారి విషయంలో ఆ మాత్రం కూడా జరగలేదు. నేను చూసిన వార్తల్లో ఆయన వయసు 102 ఏళ్లని ఉంది, బహుమతి 80 వేల డాలర్లని ఉంది. ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారనీ, ఆంధ్రా యూనివర్సిటీలో చదివారనీ ఉంది. ఆయన కనిపెట్టిందేమిటో మాత్రం నాలుగు వాక్యాల్లో కూడా లేదు. ఆగస్టు 22న అమెరికాలో ఆయన కన్నుమూశారు. మనకు ఆ వార్త చేరిన 23వ తేదీ సాయంత్రమే చంద్రయాన్-3 జాబిల్లి మీద దిగింది. ఆ మర్నాడు జాతీయ సినిమా అవార్డులు ప్రకటించారు. అందులో అల్లు అర్జున్‌కు ఉత్తమ నటుడు, ‘కొండపొలం’ పాటకు చంద్రబోస్‌కు ఉత్తమ గీత రచయిత. ఆ రెండు మూడు రోజుల పేపర్లలో రావు గారికి ఎంత చోటు దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం, అవన్నీ గొప్ప వార్తలే. కానీ జనం సినిమాను మెచ్చుకుంటారు, శాస్త్రాన్ని పట్టించుకోరు అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. పాటను మనకు అడుగు అడుగూ విప్పి చూపించారు కాబట్టి అందరం ఎగిరాం. రావు గారి పనిని అట్లా విప్పి చూపించినవాళ్లు లేరు.

నిజానికి కేసముద్రం వాళ్లకు అది చెప్పడం చాలా తేలిక. సీజన్‌లో మా మార్కెట్‌కు రండి. మక్కలు రాశులు పోసి ఉంటాయి, మిర్చి బస్తాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఖరీదుదారు రాశి మొత్తం చూడడు. ఓ పక్కనుంచి పిడికెడు తీసుకుంటాడు, అరచేతిలో పోసి పొట్టు ఊదుతాడు, పుచ్చు గింజలు ఏరి చూస్తాడు, ఒక గింజ పంటికింద పెట్టి కొరికి తేమ అంచనా కడతాడు. ధర చెబుతాడు. ఆర్నెల్ల కష్టం విలువ ఆ పిడికెడు గింజల మీదే తేలుతుంది. ‘పైపైన తీస్తే ఎట్లనే, లోపల చెయ్యి పెట్టి చూడు’ అని రైతు మొత్తుకోవడం మా ఊళ్లో అందరూ విన్నదే.

రావు గారి పని ఆ పిడికెడు గురించే. కొంచెం చూసి మొత్తం ఎట్లుందో చెప్పాలి. రైతు అడిగినట్టు ఏ వైపూ మొగ్గకుండా చెప్పాలి. అట్లా చెప్పేవాడు ఎంత నిపుణుడైనా, ఏ పద్ధతి వాడినా అంచనాలో కొంత తేడా మిగిలే తీరుతుంది. ఆ తేడా ఏ హద్దు కిందికి దిగదో 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన కలకత్తా గణిత సంఘం పత్రికలో రాసిన వ్యాసంలో లెక్కగట్టి చూపించారు. పిడికిట్లో సమాచారం ఎక్కువైన కొద్దీ ఆ హద్దు కిందికి జరుగుతుంది. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామెర్ కూడా విడిగా అదే చోటికి చేరాడు కాబట్టి దాన్ని క్రామెర్-రావు హద్దు అంటారు. ముతక అంచనాను మెరుగైన అంచనాగా మార్చే దారి కూడా ఆ వ్యాసంలోనే ఉంది, దాని పేరు రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. మూడోది సమాచారాన్ని జ్యామితి కళ్లతో చూడటం. రాడార్ల దగ్గర్నుంచి, హిగ్స్ బోసాన్ మీద జరిగిన కొలతల దాకా ఆ ఆలోచనలు పనికొచ్చాయి. వ్యాసం అచ్చయిన 78 ఏళ్లకు దానికి బహుమతి వచ్చింది.

పదో తరగతికి సాంఖ్యకశాస్త్రం పాఠం చెప్పేటప్పుడు ఒక గోనెసంచిలో పచ్చ మక్కలు, తెల్ల మక్కలు కలిపి పెట్టాను. తెల్లవి నూటికి ఎన్నో నాకు తెలుసు, పిల్లలకు తెలియదు. ఒక్కొక్కరు వచ్చి పిడికెడు తీసి, లెక్కబెట్టి, బోర్డు మీద రాయాలి. ఒకరి అంకెకూ ఇంకొకరి అంకెకూ పొంతన లేదు. అంకెలు పెరిగేకొద్దీ వాటి సగటు మాత్రం అసలు అంకె దగ్గరికి జరుగుతూ వచ్చింది. అప్పుడు వెనక బెంచీ పిల్లాడొకడు లేచాడు. వాళ్ల నాన్న మార్కెట్‌లో హమాలీ. ‘మేడం, ఎన్ని పిడికిళ్లు తీస్తే సంచి సంగతి పక్కా తెలుస్తది?’ అని అడిగాడు.

ఆ ప్రశ్న విన్నాక నేను సగటు, మధ్యగతం పక్కనబెట్టి పిల్లలకు 1944 నాటి సంగతి చెప్పాను. కలకత్తా యూనివర్సిటీలో యువకుడైన రావు పాఠం చెబుతున్నారు. నమూనా బాగా పెద్దదైనప్పుడు వర్తించే ఫిషర్ సూత్రం అది. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాకు కూడా ఇట్లాంటిది నిరూపించగలమా అని అడిగాడు. రావు దగ్గర అప్పటికి జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు అదే తరగతిలో నిరూపణ చెప్పారు. ప్రపంచమంతా వాడే హద్దు అట్లా ఒక విద్యార్థి ప్రశ్నలోంచి పుట్టింది. ఆ దండేకర్ తర్వాత పెద్ద ఆర్థికవేత్త అయ్యాడు. నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో ఆయన తెచ్చిన భారత పేదరికం మీది అధ్యయనాన్ని ఇప్పటికీ చదువుతారు. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే లేపి నూనెదీపం వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మను రావు గారు తన పుస్తకంలో తలుచుకున్నారు. ఈ మాట చెప్పినప్పుడు ఆడపిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ల అమ్మలు కూడా ఆ వేళకే లేస్తారు, మిర్చి ఏరడానికి కూలికి పోవాలి మరి.

2023 నోబెల్ బహుమతుల్లో కూడా మా తరగతికి పనికొచ్చేవి ఉన్నాయి. భౌతికశాస్త్ర బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరైన ఆన్ లుయిలియే ఫోన్ వచ్చేసరికి స్వీడన్‌లో క్లాసు చెబుతున్నారు. విరామంలో మాట్లాడి, వెనక్కి వెళ్లి మిగిలిన పాఠం పూర్తిచేశారు. వైద్యశాస్త్ర బహుమతి పంచుకున్న కతలిన్ కారికో హంగరీలో ఓ చిన్న పట్టణంలో మాంసం కొట్టు నడిపే మనిషి కూతురు. పనిచేసే యూనివర్సిటీ ఆమె హోదా తగ్గించినా ఎంఆర్ఎన్ఏ పరిశోధన వదల్లేదు. కరోనా టీకాల్లో ముఖ్యమైనవి కొన్ని ఆ పని మీదే తయారయ్యాయి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఏటా అక్టోబరు మొదటి వారంలో నోబెల్ బహుమతులు వస్తాయి, మార్చిలో ఆస్కార్లు వస్తాయి. ఆ రోజుల్లో ప్రతి తెలుగు పేపరూ విజేత ఫొటో పక్కన ‘ఆయన చేసిన పని ఇదీ’ అని మనూరి ఉదాహరణతో ఒక కాలమ్ ఇవ్వాలి. బడుల్లో ప్రార్థనప్పుడు పిల్లలు వార్తలు చదువుతారు కదా, అందులో ఆ కాలమ్ చదివించాలి. సాంఖ్యకశాస్త్రం పాఠం వెంట దండేకర్ ప్రశ్న, రావు గారి రాత్రి ఒక పేజీగా ఉండాలి. హైదరాబాద్‌లో సి.ఆర్. రావు పేరున గచ్చిబౌలి వైపు ఒక రోడ్డు ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఒక గణిత సంస్థ ఉంది. మా బడిలో చదివి ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు రోజూ ఆ రోడ్డు మీదే పోతారు. ఆ పేరు ఎవరిదని అడిగితే వాళ్లకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

చంద్రబోస్ 2024లో చల్లగరిగలో ‘ఆస్కార్ గ్రంథాలయం’ కట్టించారు. బహుమతి అందుకున్నవాళ్లు తమ ఊరికి ఇవ్వగలిగిన వాటిలో ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. దసరా సెలవులయ్యాక పదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకుపోవాలని మా టీచర్లం అనుకుంటున్నాం. పిడికిళ్ల లెక్క, దండేకర్ ప్రశ్న, ఆ హద్దు సంగతి పిల్లలు తమ మాటల్లో, తమ చేతిరాతతో రాస్తున్నారు. సంచి ప్రశ్న అడిగినవాడే బొమ్మలు వేస్తున్నాడు. దాన్ని కుట్టించి పుస్తకంగా చేసి, పాటల పుస్తకాల పక్కన ఒక అరలో పెట్టమని ఆ గ్రంథాలయం వాళ్లను అడుగుతాం.