ఎకరాలిస్తే సరిపోతుందా?

మొన్న శనివారం ఓ మిత్రుడింట్లో భోజనాలు. గుత్తివంకాయ అయిపోయి పెరుగన్నంలోకి వచ్చేసరికి, అలవాటు ప్రకారం మన రాష్ట్రాల అభివృద్ధి మీదకి మళ్ళింది మాట. "వెయ్యెకరాలు చదును చేసి, రోడ్డేసి, పదేళ్ళు పన్ను మాఫీ చేస్తే కంపెనీలు వాటంతటవే వస్తాయి గురూ. కాలుష్యం సంగతి తర్వాత చూసుకోవచ్చు. అమెరికా చేసిందదేగా!" అన్నాడు మావాడు. అందరూ తలూపారు. నేను నోరు తెరిచేలోపు పాయసం వచ్చింది. అందుకని ఆ మిగిలిన మాట ఇక్కడ.

ముందు ఎకరాల సంగతి. ఇంటర్ చదివే రోజుల్లో సెలవులిస్తే బెజవాడ ఆటోనగర్లో మా మావయ్య లేత్ షెడ్డుకి పోయేవాణ్ణి. కుంటుకుంటూ వచ్చిన లారీకి ఒకాయన కమాన్ కట్టలు విప్పేవాడు. ఇంకొకాయన రేడియేటర్ చూసేవాడు. వెనక సందులో బాడీ కట్టేవాళ్ళు, చివర్లో పెయింటర్. మావయ్య దగ్గర లేని పనిముట్టు నాలుగు షెడ్ల అవతల దొరికేది. ఒక షెడ్డులో పని నేర్చిన కుర్రాడు పక్క షెడ్డులో మేస్త్రీ అయ్యి, కొన్నాళ్ళకి సొంత షెడ్డు పెట్టేవాడు. వాళ్ళని కలిపి ఉంచింది స్థలం కాదు, ఇరుగుపొరుగు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త 1890లోనే ఈ సంగతి గమనించి పుస్తకంలో పెట్టాడు.

నేనిప్పుడుండే సిలికాన్ వ్యాలీ కథా అంతే. బోస్టన్ చుట్టుపక్కల కంపెనీలు తలుపులేసుకుని కూర్చుంటే, ఇక్కడివాళ్ళు కంపెనీలు మారుతూ, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ముందుకెళ్ళారని యానలీ సాక్సీనియన్ 1994లో ఒక పుస్తకమే రాసింది. ఉద్యోగం మానేసి పోటీ కంపెనీలో చేరకూడదనే ఒప్పందాలు కాలిఫోర్నియాలో చెల్లవు. ఆ చట్టం 1872 నాటిది. పన్ను మాఫీతో ఇలాంటి అలవాట్లు పుట్టవు.

ఇక "తర్వాత చూసుకోవచ్చు" దగ్గరికి వద్దాం. మావాడు ఉదాహరణగా చూపించిన అమెరికాలోనే, మేమిద్దరం ఇళ్ళు కొనుక్కున్న శాంటాక్లారా కౌంటీలో, ప్రభుత్వం 'సూపర్‌ఫండ్' జాబితాకెక్కించిన విషపు స్థలాలు ఇరవైకి పైగా ఉన్నాయి. చాలావరకు చిప్పులు చేసిన రోజుల్లో టాంకుల్లోంచి భూమిలోకి కారిన రసాయనాల పుణ్యమే. 1980ల్లో బయటపడ్డ ఆ కంపుని కడగడం ఇంకా పూర్తికాలేదు. ఇంత డబ్బూ, ఇంత చట్టమూ ఉన్న చోటే 'తర్వాత' నలభై ఏళ్ళు దాటింది. మన దగ్గరైతే?

మన దగ్గరి జవాబు పటాన్‌చెరు. ఇంచుమించు 90 మందుల కంపెనీల మురుగు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి అయ్యాక సంగతి ఇది. అలాంటి నీళ్ళలో బతకడం నేర్చిన సూక్ష్మజీవికి ఆ మందు పనిచేయదు. అది పటాన్‌చెరు పొలిమేర దగ్గరే ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

"అయితే పరిశ్రమలొద్దంటావా?" అంటారు. అననండీ. ఒకచోట చేరడం వల్ల వచ్చిన మురుగుకి విరుగుడు కూడా ఒకచోట చేరడంలోనే ఉందంటాను. తిరుప్పూరు చూడండి. బనియన్లకి రంగులద్దిన నీళ్ళు నొయ్యల్ నదిని చంపాయి. సాగునీటి కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట విషపు చెరువైంది. రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూయించింది. ఆ దెబ్బతో ఉమ్మడి శుద్ధి కేంద్రాల్ని బాగుచేసుకుని, నీళ్ళూ, ఉప్పూ తిరిగి వాడుకోవడం నేర్చారు. ఒక్క చిన్న అద్దకంవాడు విడిగా అంత యంత్రం పెట్టగలడా? పదిమంది కలిస్తే పెట్టారు. ఒకడు దొంగతనంగా మురుగు వదిలితే అందరికీ తాళం పడుతుందన్న భయం పోలీసు కాపలాకంటే గట్టిది. అక్కడా అంతా తీరిపోలేదు, దేనికీ పనికిరాని ఉప్పు గుట్టలు మిగులుతూనే ఉన్నాయి. కానీ దారి కనపడింది. ఆ దారి ఒక నదిని పోగొట్టుకున్నాక కనపడిందన్నదే నా బాధ.

కాబట్టి నేను అడిగేవి మూడే. ప్లాట్లు పంచకముందే మురుగుశుద్ధి కేంద్రం కట్టాలి, దాని ఖర్చు ప్లాటు ధరలోనే కలపాలి. బయటికొచ్చే నీటి లెక్కలు రోజూ కింది ఊళ్ళవాళ్ళకి తెలుగులో కనపడాలి. పన్ను మాఫీకిచ్చే డబ్బులో కొంత ఐటీఐకీ, ఉమ్మడి టెస్టింగ్ లాబుకీ పోవాలి. ఈ మూడూ లేని 'పారిశ్రామిక వాడ' నా లెక్కలో రియల్ ఎస్టేట్ వెంచరే.

ఆ రోజు తలూపినవాళ్ళలో ఇద్దరికి పటాన్‌చెరు దగ్గర ప్లాట్లున్నాయి. రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకుంటారట. బోరు వేయించేటప్పుడు నీళ్ళు ఎన్నడుగుల్లో పడతాయో అడుగుతారు సరే, ఏం నీళ్ళు పడతాయో కూడా ఇప్పట్నుంచే అడగొద్దూ?